స్కూలు పిల్లలు ఫెయిర్‌ట్రేడ్ ప్రచారం చేస్తే ఊళ్లో నిజంగా ఏమైనా మారుతుందా?

మీరు అడిగింది ఇది: బ్రిటన్‌లో స్కూళ్లు పిల్లల చేత ఫెయిర్‌ట్రేడ్ ప్రచారం చేయిస్తాయట కదా, దానివల్ల ఊళ్లో ఏమైనా మారుతుందా, లేక ఫోటోల కోసమేనా? మన బళ్లలో అలాంటిది కుదురుతుందా? (ఫెయిర్‌ట్రేడ్ అంటే పండించిన రైతుకీ, కూలీకీ న్యాయమైన ధర దక్కేలా సరుకు కొనే పద్ధతి; అలా కొన్న సరుకు మీద ఆ పేరుతో ఒక ముద్ర ఉంటుంది.)

మారుతుందండీ. పిల్లలు పెద్దవాళ్లని లెక్క అడిగిన చోట కచ్చితంగా మారుతుంది. మన దగ్గరైతే ఇంకా బాగా కుదురుతుంది, ఎందుకంటే మన బళ్లలో ఏ క్లాసులో చూసినా పంట పండించి ధర దక్కక నష్టపోయిన తాతో, మేనమామో ఉన్న పిల్లలు బోలెడుమంది.

నేను ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా పత్తి రైతు బిడ్డను. పెళ్లయ్యాక ఇంగ్లండ్‌లో లాంకషైర్‌కి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. మా అమ్మాయి ప్రైమరీ స్కూల్లో ఉన్నప్పుడు క్లాసులో సాయానికి వెళ్లే తల్లుల్లో నేనూ ఒకదాన్ని. కాబట్టి ఈ ఫెయిర్‌ట్రేడ్ సంగతి నేను రెండు వైపుల నుంచీ చూశాను: అమ్ముకునే రైతు ఇంటి నుంచీ, కొనుక్కునే ఊరి నుంచీ.

మేముండే చోటికి దగ్గర్లోనే గార్‌స్టాంగ్ అని నాలుగైదు వేల జనాభా ఉన్న ఊరుంది. ప్రపంచంలో మొట్టమొదటి ఫెయిర్‌ట్రేడ్ టౌన్ అదే. బ్రూస్ క్రౌథర్ అనే పశువుల డాక్టరు, ఆక్స్‌ఫామ్ అనే సేవాసంస్థ తరఫున పనిచేసే కొద్దిమంది ఊరివాళ్లు కలిసి దుకాణాలు, చర్చిలు, స్కూళ్లు ఒక్కొక్కటే తిరిగి ఫెయిర్‌ట్రేడ్ సరుకు వాడేలా, అమ్మేలా ఒప్పించారు. 2000 ఏప్రిల్‌లో ఊరి సభ పెట్టి ఆ మాట ప్రకటించుకున్నారు. ఇప్పుడు అలాంటి ఊళ్లు, నగరాలు ప్రపంచం మొత్తం మీద 2000కి పైనే ఉన్నాయి. 2008లో వేల్స్ దేశానికి దేశమే ఫెయిర్‌ట్రేడ్ దేశమని ప్రకటించుకుంది. ఆ తర్వాత స్కాట్లండ్ కూడా. ఊరు ఆ పేరు నిలబెట్టుకోవాలంటే స్కూళ్లు కలిసి రావాలి. స్కూలుకి విడిగా ఒక గుర్తింపు కూడా ఉంది. దానికి పిల్లలున్న కమిటీ వేయాలి, స్కూల్లో కొనే టీ, కాఫీ, పంచదార, పండ్ల విషయంలో ఒక విధానం రాసుకోవాలి, పాఠాల్లో చెప్పాలి, స్కూలు గోడ దాటి ఊళ్లో ఏదో ఒకటి చేయాలి.

ఆ ఆఖరిదాని దగ్గరే చాలా స్కూళ్లు తేలిపోతాయి. ఫెయిర్‌ట్రేడ్ ఫోర్ట్‌నైట్ అని రెండు వారాల పండగ ఉంటుంది, చాలా ఏళ్లు ఫిబ్రవరి చివర్లో వచ్చేది. 'రేపు పిల్లల్ని అరటిపండు వేషంలో పంపండి' అని ముందు రోజు సాయంత్రం మెసేజ్ వస్తుంది. ఇక అమ్మానాన్నలంతా పరుగో పరుగు, పసుపురంగు పాలిస్టర్ డ్రెస్సు ఎక్కడ దొరుకుతుందా అని. ఆ డ్రెస్సు ఎవరు కుట్టారు, వాళ్లకి కూలి ఎంత ముట్టింది అని ఒక్కరూ అడగరు. 2013 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా కూలి 1100 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది ఇలాంటి దేశాలకి చవక బట్టలు కుడుతూ పోయినవాళ్లే. అది తెలిసీ పిల్లాడికి అలాంటి చవక వేషం కట్టి 'న్యాయమైన వ్యాపారం' అని బోర్డు పట్టించడం నాకు చాలా కష్టంగా ఉంటుంది. మీరు ఫోటోల కోసమేనా అని అడిగారు చూడండి, ఆ అనుమానం ఇలాంటివి చూస్తే రావాల్సిందే.

కానీ మా అమ్మాయి క్లాసులో జరిగింది వేరు. ఆ ఏడాది వాళ్ల టీచర్ వేషాలు వద్దని చెప్పి ఒక ఆట ఆడించింది. కాఫడ్ అనే క్యాథలిక్ సేవాసంస్థ స్కూళ్ల కోసం తయారుచేసిన అరటిపండు ఆట అది. పండు ధర 30 పెన్నీలు అనుకోవాలి. క్లాసుని ఐదు జట్లు చేస్తారు: గెలలు కోసే కూలీలు, తోట యజమాని, ఓడ కంపెనీ, దిగుమతి చేసుకుని పండ్లు మాగబెట్టేవాళ్లు, చివర్న అమ్మే దుకాణం. ఒక్కో జట్టూ తాము పడే కష్టానికి, పెట్టే ఖర్చుకి ఆ 30లో ఎంత రావాలో చెప్పి వాదించుకోవాలి. అందరూ అడిగింది కలిపితే ఎప్పుడూ 30 దాటిపోతుంది. అప్పుడు కొట్టుకుని, బతిమాలుకుని 30కి దించాలి. చివర్లో టీచర్ అసలు లెక్క బోర్డు మీద రాస్తుంది: దుకాణానికి 13, మాగబెట్టేవాళ్లకి 7, తోట యజమానికి 5, ఓడకి 4. కూలీకి 1.

కూలీల జట్టులో ఉన్న ఒక అబ్బాయి అప్పటిదాకా 10 పెన్నీలకి తగ్గనని మొండికేసి కూర్చున్నాడు. బోర్డు మీద 1 చూడగానే లేచి టీచర్ దగ్గరికి వెళ్లి, 'మీరు సున్నా రాయడం మర్చిపోయారు' అన్నాడు. టీచర్ లేదంది. వాడు కాసేపు అక్కడే నిలబడి బోర్డు వైపే చూశాడు. తర్వాత వాడు అడిగిందేమిటంటే: 'మరి మన స్కూల్లో తినే అరటిపండు ఎవరి దగ్గర కొంటున్నారు?'

టీచర్ దగ్గర జవాబు లేదు. వంటగదికి వెళ్లి అడిగారు. వంటామె పండ్ల పెట్టె మీద ముద్ర చూపించింది, అందులో ఫెయిర్‌ట్రేడ్ ఊసే లేదు. సరుకు సరఫరా చేసే కాంట్రాక్టు స్కూలు చేతిలో ఉండదు, పై నుంచి వస్తుందని చెప్పింది. చూడండి, పెద్దవాళ్లం మనం అక్కడితో ఆగిపోతాం. పిల్లలు ఆగలేదు. హెడ్ టీచర్‌కి ఉత్తరం, కాంట్రాక్టు ఇచ్చేవాళ్లకి ఉత్తరం, రెండూ రాశారు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది శనివారం సంత గురించి. మా టౌన్‌లో చర్చి ముందున్న ఖాళీ జాగాలో సంత జరుగుతుంది. పిల్లలు అక్కడ ఒక మడతబల్ల వేసుకున్నారు. బల్ల మీద ఐదు కాగితపు కప్పులు, ఒక్కోదాని మీద ఒక్కో పేరు. మధ్యలో ఒక అరటిపండు, పక్కన 30 రాగి పెన్నీలు. వాళ్లు ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు. కరపత్రం కూడా లేదు. దారిన పోయేవాళ్లని ఆపి, 'ఈ పెన్నీలు మీకు న్యాయం అనిపించినట్టు కప్పుల్లో వేయండి' అనేవాళ్లు, అంతే.

ఒక్కొక్కరూ వేసేవాళ్లు. దాదాపు అందరూ కూలీ కప్పులో 8, 10, కొందరు 12 కూడా వేశారు. అయిపోగానే ఒక పిల్ల కూలీ కప్పు తీసుకుని బల్ల మీద బోర్లించి, ఒక్క పెన్నీ తిరిగి కప్పులో వేసి, మిగతావి తీసి మిగిలిన కప్పుల్లోకి సర్దేది, 13, 7, 5, 4 వచ్చేలా. మాట్లాడకుండా చేసేది ఆ పని. చిల్లర కప్పులో పడే చప్పుడు ఒక్కటే. ఒక పెద్దావిడ ఒప్పుకోలేదు, 'తప్పు లెక్క నేర్పారు మీకు' అని గట్టిగానే అంది. మా పిల్లలు భయపడకుండా ఒక్కో కప్పుకీ ఎందుకంత వెళ్తుందో చెప్పారు. ఆవిడ రెండోసారి తనే కప్పులు సర్ది చూసుకుంది. పోతూ పోతూ ఎదురుగా ఉన్న పండ్ల బండి అతన్ని, మా అందరి ముందూ, నీ పండ్లు ఎక్కడివని నిలదీసింది. సంతలో ఒక గిరాకీ అలా అడిగితే దాని బలం వేరు. మరుసటి వారం అతని బండి మీద ఫెయిర్‌ట్రేడ్ స్టికర్ ఉన్న గెలలు ఒక పక్కన కనిపించాయి.

ఇంకో పెద్దాయన వచ్చాడు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. పెన్నీలు చేతిలో పట్టుకుని చాలాసేపు వేయలేదు. తర్వాత, 'పాలకి కూడా ఈ ఆట ఉందా?' అని అడిగాడు. ఆయన పాడి రైతు. ఇక్కడ పాల ధర పెట్టుబడి కంటే కిందికి పడిపోయి 2015లో రైతులు ఆవుల్ని ఏకంగా సూపర్‌మార్కెట్‌లోకి తోలుకుపోయి నిరసన చేశారు, మీరూ వార్తల్లో చూసే ఉంటారు. ఆయన మా పిల్లలకి లీటరు పాల మీద తనకేం మిగులుతుందో, దాణాకెంతో, పశువుల డాక్టర్‌కెంతో పూసగుచ్చినట్టు చెప్పాడు. పిల్లలు అప్పటికప్పుడు అరటిపండు పక్కన పెట్టి ఒక పాలసీసా తెచ్చి, కప్పుల మీద పేర్లు మార్చారు. నా దృష్టిలో ఆ రోజు జరిగిన అన్నిటికంటే పెద్ద పని అదే. ఫెయిర్‌ట్రేడ్ అంటే ఎక్కడో దూరదేశపు పేదవాళ్ల మీద జాలి అనుకునే ఊళ్లో, తమ పక్క పొలం రైతుకీ అదే అన్యాయం జరుగుతోందని పదేళ్ల పిల్లలు నలుగురి ముందు చూపించారు.

ఆ తర్వాత ఏం మారిందంటే: స్కూల్లో టీచర్లు తాగే టీ, కాఫీ మారాయి. చర్చి హాల్లో మీటింగులకి పోసే టీ మారింది. సంత పక్కనున్న టీ దుకాణం ఆమె పంచదార, చాక్లెట్ పొడి మార్చింది. కాంట్రాక్టు వాళ్ల నుంచి మొదట మర్యాదగా ఒక ఉత్తరం వచ్చింది, పనేం కాలేదు. తర్వాత ఏడాది కొత్త టెండర్‌లో అరటిపండ్లు మార్చారు. ఇవన్నీ చిన్నవే అంటారా? ఫెయిర్‌ట్రేడ్ అరటిపండు పెట్టెకి, అంటే 18.14 కిలోలకి, ధర కాకుండా ఒక డాలరు ప్రీమియం ఇస్తారు. పెట్టెలో సుమారు 100 పండ్లు. పండుకి ఒక సెంటు చొప్పున అన్నమాట. ఆ డబ్బుని ఏం చేయాలో రైతులు, కూలీలే కూర్చుని తేల్చుకుంటారు: బోరుబావో, బడికి గదో, మందులో. ఆటలో కూలీకి దక్కేదే ఒక పెన్నీ అయిన చోట, పండుకి ఇంకో సెంటు చిన్నది కాదు.

ముద్ర ఉంటే చాలు అని మాత్రం నేను చెప్పను. పెద్ద కంపెనీలు ముద్రని ఎప్పుడు కావాలంటే అప్పుడు వదిలేస్తాయి. 2016లో క్యాడ్‌బరీ ఫెయిర్‌ట్రేడ్ ముద్ర బదులు తమ సొంత పథకం తెచ్చుకుంది. 2017లో సెయిన్స్‌బరీస్ అనే సూపర్‌మార్కెట్ తన సొంత బ్రాండు టీ మీద ముద్ర తీసేసి తనే ఒక పేరు పెట్టుకుంది. 2020లో బ్రిటన్ కిట్‌క్యాట్ మీద నుంచీ పోయింది. కంపెనీ సొంత పథకానికి, ఈ ముద్రకి ఉన్న పెద్ద తేడా ఇది: ప్రీమియం డబ్బు ఎలా ఖర్చు పెట్టాలో ఎవరు నిర్ణయిస్తారు అన్నది. నా లెక్కలో ఉన్నదంతా ఆ తేడాలోనే ఉంది. రైతు చేతిలో డబ్బూ, నిర్ణయమూ రెండూ ఉండాలి. పిల్లలకి రంగురంగుల లోగో గీయించే బదులు ఈ ఒక్క తేడా నేర్పండి చాలు, వాళ్లే దుకాణంలో ప్యాకెట్ తిప్పి చదువుతారు.

నాకెందుకు ఇంత పట్టింపు అంటే మా బాపు. పత్తి ఏరించి, మూటలు కట్టి, బండి మీద మార్కెట్ యార్డుకి తీసుకుపోయేవాడు. రాత్రంతా వరసలో. పొద్దున్న తేమ మిషన్ గుచ్చుతారు. 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర, దాటితే శాతానికింత కోత, 12 దాటితే ప్రభుత్వం తరఫున పత్తి కొనే సంస్థ సీసీఐ అసలు కొనదు. అప్పుడిక ప్రైవేటు వాళ్లు ఎంతంటే అంత. మంచు పడిన రాత్రి పత్తి బయట ఉంటే తేమ ఎక్కదా? అది ఎవరి తప్పు? పైనుంచి తరుగు, హమాలీ, తూకం వేసే దడువాయి కూలి, అన్నీ పోను తక్‌పట్టీ (అమ్మకం చీటీ) మీద రాసిన అంకె చూసుకుని బాపు మారు మాట్లాడకుండా మడిచి జేబులో పెట్టుకునేవాడు. ఒకసారి నేను, 'ఆ కాంటా సరిగ్గనే ఉందా బాపూ?' అని అడిగితే, 'అడిగితే బండి మలుపుకొని పొమ్మంటరు బిడ్డా' అన్నాడు. అడగడానికి ధైర్యం లేక కాదు. తిప్పుకుని పోతే బండి కిరాయి మళ్లీ నెత్తిన పడుతుంది, అప్పు ఇచ్చినాయన ఇంటి ముందు కూర్చుంటాడు.

ఈ మాట నేను క్లాసులో పిల్లలకి చెప్పినప్పుడు టీచర్ ఘనా దేశం సంగతి చెప్పింది. అక్కడ కోకో గింజలకి ధర ప్రభుత్వమే కడుతుంది. కాబట్టి కొనేవాళ్లు మోసం చేయాలంటే ధరలో కుదరదు, కాంటాలోనే చేయాలి. రైతులు ఆ కాంటా మోసాలతో విసిగిపోయి, 1993లో కువాపా కోకో అనే సొంత సహకార సంఘం పెట్టుకున్నారు. తూకం వేసే మనిషిని ఊరి రైతులే ఎన్నుకుంటారు. ఆ సంఘమే 1998లో లండన్‌లో మొదలైన డివైన్ చాక్లెట్ కంపెనీలో వాటాదారు కూడా అయింది. ఈ కథ విన్న రోజున నేను ఇంటికెళ్లి బాపుకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. ఆయన మొదట అడిగింది, 'కాంటా పట్టేటోన్ని వాళ్లే పెట్టుకున్నరా?' అని. చాక్లెట్ సంగతి ఆయనకి అక్కర్లేదు. మా ఉమ్మడి ఆదిలాబాద్‌లోనే చేతన ఆర్గానిక్ అనే సంస్థతో కలిసిన చిన్న రైతులు ఫెయిర్‌ట్రేడ్ పత్తి పండిస్తున్నారు. బాపు కాలంలో అలాంటిది మా ఊరి దాకా వచ్చి ఉంటే బాగుండేది.

నేనుండే లాంకషైర్ ఒకప్పుడు పత్తి మిల్లుల సీమ. మన విదేశీ వస్త్ర బహిష్కరణతో ఇక్కడి కార్మికులకి పనులు పోయాయి. 1931 సెప్టెంబర్‌లో గాంధీ ఇక్కడి డార్వెన్‌కి వచ్చినప్పుడు ఆ కార్మికులే ఆయన్ని చుట్టుముట్టి ఆదరంగా పలకరించారు. అటు వడికేవాడూ ఇటు నేసేవాడూ ఇద్దరూ నష్టపోయినవాళ్లేనని వాళ్లకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేకపోయింది. ఇక్కడి స్కూళ్లలో ఈ సంగతి నేర్పించాలని నేను చాలాసార్లు అడిగాను. ఇంకా అడుగుతూనే ఉన్నాను.

మనవాళ్ల మీద కూడా నాకు ఒక ఫిర్యాదు ఉంది. ఇక్కడ ఉగాదికి, బతుకమ్మకి హాలు తీసుకుని వందలమందికి భోజనాలు పెడతాం. సౌండ్ సిస్టమ్‌కి, స్టేజీ పూలకి లెక్క చూడం. కానీ ఫెయిర్‌ట్రేడ్ టీపొడి తెద్దామా అంటే, 'డబ్బా మీద ఒక పౌండు ఎక్కువ కదండీ' అంటారు. వాళ్లలో సగం మంది రైతుల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. గిట్టుబాటు ధర లేదని ఊళ్లో నాన్న బాధపడితే కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లే. ఇంకో రైతు దగ్గర తామే కొనేవాళ్లయ్యేసరికి అది గుర్తుకు రాదు. పిల్లలు అడిగితే మాత్రం కాదనలేరు. మా అసోసియేషన్‌లో టీపొడి మారింది మా అమ్మాయీ, ఆమె స్నేహితురాళ్లూ కమిటీ అంకుల్‌ని స్టేజీ పక్కన పట్టుకుని అడిగాకే.

ఇక మన బళ్ల సంగతి. మనకి ఆ ముద్ర ఉన్న సరుకు దుకాణాల్లో పెద్దగా దొరకదు కదా అంటారు. ముద్ర దొరక్కపోతే ఏం, లెక్క దొరుకుతుంది. విశాఖ మన్యంలో గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది. తేనె, చింతపండు, అరకు కాఫీ గిరిజనుల దగ్గర కొని అమ్ముతుంది. విశాఖలో ఏ బడైనా తన స్టాఫ్ రూమ్ కాఫీ అక్కడి నుంచి తెచ్చుకోవచ్చు, పిల్లలు కొనుగోలు ధర ఎంతో, అమ్మకం ధర ఎంతో వెళ్లి అడిగి రావచ్చు. తెలంగాణ సర్కారు బళ్ల యూనిఫాం గుడ్డ సిరిసిల్ల సాంచెల (మరమగ్గాల) మీద నేయిస్తారు. వేసుకునే పిల్లాడికి ఆ సంగతి ఎవరైనా చెప్పారా? ఆర్డరు ఆగితే అక్కడ ఇంటికి ఇల్లే పస్తుంటుంది. ఒక క్లాసు పిల్లలు మీటరుకి నేతకారుడికి ఎంత కూలి వస్తుందో తెలుసుకుని గోడ మీద రాస్తే చాలు, అది జిల్లా పేపర్‌కి ఎక్కుతుంది. ప్రైవేటు స్కూళ్లు మరీ అన్యాయం. ఫలానా దుకాణంలోనే యూనిఫాం కొనాలంటారు, ధర రెండింతలు. ఆ డబ్బులో దర్జీకి ఎంత పోతుందో తల్లిదండ్రులు ఒక్క మీటింగులో గట్టిగా అడిగి చూడండి.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, నేనైతే టమాటాతో మొదలుపెడతాను. మదనపల్లె మార్కెట్‌లో ధర పడిపోయినప్పుడు రైతులు రోడ్డు మీద పారబోసి పోవడం మన పిల్లలు టీవీలో చూస్తూనే ఉన్నారు. అదే వారం మన వీధిలో తోపుడుబండి మీద కిలో ఎంతుందో కూడా వాళ్లకి తెలుసు. ఐదు గ్లాసులు పెట్టండి: రైతు, మండీ వ్యాపారి, లారీ, హోల్‌సేల్, తోపుడుబండి. ఏ గ్లాసులో ఎన్ని రూపాయలు పడాలో టీచర్ చెప్పకూడదు. పిల్లలే బండి అతన్ని, లారీ డ్రైవర్‌ని, వీలైతే మండీకి వెళ్లి రైతునీ అడిగి తేవాలి. తోపుడుబండి అతన్ని దొంగలా చూడకుండా అడగమని ముందే చెప్పండి, అతనికి మిగిలేదీ తక్కువే. ఆ తర్వాత బడి గేటు ముందు, పిల్లల్ని తీసుకెళ్లడానికి పెద్దవాళ్లు వచ్చే టైముకి, బల్ల వేయండి.

మీది ఏ ఊరో, పిల్లలది ఏ క్లాసో కింద రాయండి. అరటిపండు ఆటకి నేను తెలుగులో రాసి పెట్టుకున్న కాగితాలు ఉన్నాయి, పంపిస్తాను. మీ మండీ రేట్లు మాత్రం మీరే తెచ్చుకోవాలి.